బేస్ గిటార్: సామాను నుంచి స్టేజీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వృత్తి కళాకారుణ్ణి కాను. పగలు ఉద్యోగం, వారంలో ఒకట్రెండు సాయంత్రాలు రిహార్సల్, అప్పుడప్పుడు ఒక ప్రోగ్రాం. పన్నెండేళ్లుగా ఇదే వరస. కొత్తగా బేస్ పట్టుకున్నవాళ్లు అడిగేవి దాదాపు ఒకే రకం సందేహాలు. మొదట్లో నన్నూ అవే వేధించాయి. ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకొచ్చేకన్నా ఒకచోట రాసిపెడితే పనికొస్తుందని ఇది రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడ దిగండి. స్వరాల పేర్లు, తీగల పేర్లు మామూలు మాటల్లో కలిసిపోకుండా ‘ఈ’, ‘ఏ’, ‘డీ’, ‘జీ’ అని కోట్స్‌లో పెట్టాను.

## కొనే ముందు

బేస్ నేర్చుకోవాలంటే ముందు మామూలు గిటార్ వచ్చి ఉండాలా?

అక్కర్లేదు. బేస్‌లోని నాలుగు తీగలవీ గిటార్‌లోని నాలుగు లావు తీగల స్వరాలే, ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి. కాబట్టి గిటార్ వచ్చినవాళ్లకు ఏ స్వరం ఎక్కడుందో ముందే తెలుస్తుంది. ఆ లాభం అంతవరకే. వాళ్లకు కష్టమయ్యేది స్వరాల మధ్య ఖాళీ వదలడం. డ్రమ్స్ లాంటి తాళవాద్యం నుంచి వచ్చినవాళ్లు బేస్ మీద తొందరగా కుదురుకోవడం చాలాసార్లు చూశాను.

నాలుగు తీగలది తీసుకోనా, ఐదు తీగలదా?

మొదటిది నాలుగు తీగలదే తీసుకోండి. ఐదో తీగ ‘బీ’ సుమారు 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మామూలు ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్. చిన్న ఆంప్‌లు (ధ్వని పెంచే యాంప్లిఫయర్లు) 41నే సరిగ్గా పలికించలేవు, ఇక 31 సంగతి చెప్పేదేముంది. పైగా వాయించకుండా అణిచి ఉంచాల్సిన తీగ ఇంకొకటి పెరుగుతుంది. ‘డీ’ శ్రుతిలో పాటలు ఎక్కువుంటే ‘ఈ’ తీగను ఒక స్వరం దించి ‘డీ’ చేసుకుంటే చాలావరకు సరిపోతుంది. పాడేవాళ్ల కోసం శ్రుతులు తరచూ ఇంకా కిందికి దింపాల్సి వస్తుంటే మాత్రం ఐదు తీగలది నిజంగానే అవసరం.

ప్రెసిషన్, జాజ్ అంటుంటారు. ఏమిటి తేడా? నాకేది మంచిది?

రెండూ ఫెండర్ అనే గిటార్ల కంపెనీ చేసినవే. ఆ తర్వాత అందరూ ఆ నమూనాల్లో చేశారు, అందుకే అవి రకం పేర్లుగా స్థిరపడ్డాయి. ప్రెసిషన్ 1951లో వచ్చింది. నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌కు ఫ్రెట్లు (నెక్ అనే పొడవాటి పిడి మీద అడ్డంగా ఉండే లోహపు గీట్లు) ఉండవు, స్వరం వేలి మీదా చెవి మీదా ఆధారపడుతుంది. దీనికి ఫ్రెట్లుండటం వల్ల స్వరం కచ్చితంగా పడుతుందని ఆ పేరు పెట్టారు. రెండు ముక్కలుగా చీలినట్టుండే దాని పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) 1957 నుంచి ఉంది. జాజ్ బేస్ 1960లో వచ్చింది. దీనికి రెండు పికప్‌లు, నెక్ మొదట్లో సన్నం. నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు ఉంటుంది, ప్రెసిషన్ అయితే 41 నుంచి 44 వరకు.

ప్రెసిషన్‌కు ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. ధ్వని మధ్యస్థాయిలో మందంగా ఉంటుంది, రెండు గిటార్లు మోగుతున్నా దాని చోటు దానికి దొరుకుతుంది. జాజ్‌లో రంగులు ఎక్కువ. బ్రిడ్జి (రెండో చివర, బాడీ మీద తీగలు ఆనే భాగం) వైపు పికప్ పెంచితే స్వరం స్పష్టమవుతుంది, గరుకుదనం వస్తుంది. అయితే రెండు పికప్‌లూ సమానంగా తెరిచి ఉంచితేనే హమ్ (కరెంటు రొద) పోతుంది. ఒకటి తగ్గించగానే మళ్లీ వినబడుతుంది. బ్యాండ్‌లో వాయించడమే ఉద్దేశమైతే నా ఓటు ప్రెసిషన్‌కు. చేతులు చిన్నవైతే జాజ్ నెక్ హాయిగా ఉంటుంది.

నా చెయ్యి చిన్నది. షార్ట్ స్కేల్ తీసుకుంటే తక్కువగా చూస్తారా?

చూడరు. మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జి వరకు 34 అంగుళాలు, షార్ట్ స్కేల్‌లో 30. బీటిల్స్ బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్‌నీ చేతిలో కనిపించే వయొలిన్ ఆకారపు హాఫ్‌నర్ బేస్ కూడా షార్ట్ స్కేలే. తీగలు కొంచెం వదులుగా, మెత్తగా ఉంటాయి. స్ట్రింగ్స్ కొనేటప్పుడు షార్ట్ స్కేల్ సెట్టేనా అని చూసుకోండి, పొడవు సెట్టు వేస్తే ట్యూనింగ్ కీ చుట్టూ లావు భాగం వచ్చి పడుతుంది.

యాక్టివ్, పాసివ్ అంటే?

యాక్టివ్ బేస్‌లో చిన్న ప్రీఆంప్ (సిగ్నల్‌ను బేస్‌లోనే బలపరిచే సర్క్యూట్) ఉంటుంది, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. లో, మిడ్, హై (ధ్వనిలోని కింది, మధ్య, పై స్థాయిలు) చేతి కిందే పెంచుకోవచ్చు, పొడవు కేబుల్ వేసినా పై స్థాయిలు చావవు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. పాసివ్‌లో బ్యాటరీ ఉండదు, కాబట్టి ఆ గొడవే లేదు.

యాక్టివ్ కొన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అవగానే కేబుల్ పీకేయండి. ఒకసారి స్టేజీ మీద రెండో పాటలో గట్టిగా మీటినప్పుడల్లా గరగర మొదలైంది. ఆంప్ పోయిందనుకుని దాని వెనకాలే వెతికాను. పాట అయ్యేసరికి ధ్వని సన్నబడి దారంలా మిగిలింది. పోతున్నది బ్యాటరీ. అప్పటినుంచి బ్యాటరీ మీద చిన్న టేపు అంటించి, వేసిన తేదీ రాస్తున్నాను.

సెకండ్ హ్యాండ్ బేస్ చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలి?

మీ సొంత కేబుల్ పట్టుకెళ్లండి, ఏదైనా గరగర వస్తే తప్పు కేబుల్‌ది కాదని ఖాయంగా తెలుస్తుంది. నెక్‌ను తుపాకీ గురిపెట్టినట్టు కంటితో బారుగా చూడండి. కొద్దిగా వంపు పరవాలేదు, మెలి తిరిగి ఉంటే వదిలేయండి. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపు సరిచేసే లోహపు కడ్డీ) తిరుగుతోందా లేదా చూపించమనండి. బిగుసుకుపోయిన ట్రస్ రాడ్ ఉన్న బేస్ ఎంత చవకైనా వద్దు.

తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ వాయించండి. విసుగ్గా ఉంటుంది, అయినా చేయండి. ‘జీ’ తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒక స్వరం పుట్టగానే చచ్చిపోవడం చాలా బేస్‌లలో ఉంటుంది. అది కొద్దిగా ఉంటే భరించవచ్చు. పూర్తిగా మూగబోతుంటే మాత్రం రోజూ బాధపెడుతుంది. చివరగా బెల్టు వేసుకుని పదిహేను నిమిషాలు నిలబడండి. భుజం నొప్పి, నెక్ కిందికి వాలిపోవడం, రెండూ అప్పుడే బయటపడతాయి. కూర్చుని చూస్తే తెలియవు.

## చేతికొచ్చాక

కొత్త బేస్‌లో తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటున్నాయి. పాడైందా?

పాడవలేదు, సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయడం) కావాలి. తీగలు నెక్‌ను ముందుకు లాగుతుంటాయి, లోపలి ట్రస్ రాడ్ వెనక్కి లాగుతుంది. గాలిలో తేమ మారితే ఈ సమతూకం మారుతుంది. ఫ్యాక్టరీలో చేసిన సెటప్ మీ ఇంటి గాలికి కుదరకపోవడం సహజమే.

‘ఈ’ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టుకోండి. అప్పుడు 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అంటే ఒక విజిటింగ్ కార్డు మందం. కార్డు దూర్చి చూస్తే చాలు. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, కాసేపు ఆగి చూడండి. బలం పెట్టాల్సి వస్తోందంటే ఆపేసి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

నెక్ కుదిరాక బ్రిడ్జి మీది శాడిళ్ల (ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కల) ఎత్తు చూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర ‘ఈ’ తీగ ఎత్తు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. గట్టిగా మీటేవాళ్లకు ఇంకాస్త కావాలి. ఆఖరున 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కి వాయించిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకు జరపాలి. ఈ పని ఒక మధ్యాహ్నం పడుతుంది. బేస్ మారిపోయిందా అనిపిస్తుంది. కొత్త బేస్ కొనాలని తహతహలాడేవాళ్లకు నేను ముందు సెటప్ చేయించమనే చెబుతాను.

స్ట్రింగ్స్ ఎన్నాళ్లకు మార్చాలి?

ఏ రకానివి వేశారన్నదాన్ని బట్టి. రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి వైరు చుట్టిన) తీగలు కొత్తలో మెరుపులా పలుకుతాయి, రోజూ వాయిస్తే కొన్ని వారాల్లోనే ఆ మెరుపు తగ్గుతుంది. ఫ్లాట్‌వౌండ్‌లకు (చదునైన వైరు చుట్టినవాటికి) మొదటినుంచీ మెత్తని ధ్వని, ఏళ్లు వస్తాయి. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ ఫ్లాట్‌వౌండ్‌లే వాడేవాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. కాబట్టి పాత తీగ అంటే చెడ్డ తీగ అని కాదు. మార్చడానికి నేను చూసే గుర్తు ఒకటే: 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి కుదరకపోవడం. మొదటి సెట్టుగా 45 నుంచి 105 గేజ్ (తీగల మందం) తీసుకోండి. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే ఎక్కువ రోజులు వస్తాయి.

వేళ్లతో వాయించాలా, పిక్‌తోనా (తీగ మీటే చిన్న పలక)? పిక్ వాడితే తప్పంటున్నారు.

తప్పు కాదు. వేల రికార్డింగుల్లో వాయించిన అమెరికా బేస్ కళాకారిణి కెరొల్ కే వాడింది పిక్కే. జేమర్‌సన్ మీటింది ఒక్క చూపుడు వేలితో. పాటకు ఏది కావాలో అది. రెండూ కొద్దికొద్దిగా వచ్చి ఉంటే స్టేజీ మీద వేలికి బొబ్బ లేచిన రోజున ఆదుకుంటుంది.

వాయించని తీగలు కూడా మోగుతూ అంతా గజిబిజిగా వినబడుతోంది. ఏం చేయాలి?

బేస్‌లో సగం విద్య మోగించడం, మిగతా సగం ఆపడం. ఇంట్లో చిన్న ఆంప్ మీద ఈ మోత తెలియదు. పెద్ద స్పీకర్లలోకి వెళ్లగానే హాలంతా బురదలా అవుతుంది.

కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ పికప్ మీదే ఆనించి ఉంచకండి. ‘ఏ’ తీగ వాయిస్తుంటే బొటనవేలు ‘ఈ’ తీగ మీద ఆనాలి. ‘డీ’, ‘జీ’ తీగలకు వెళ్తుంటే అదీ వెంట దిగి ‘ఏ’ మీదికి రావాలి, దాని పక్క భాగం ‘ఈ’ తీగనూ తాకుతూ ఉండాలి. మీటిన వేలు గాల్లోకి లేవకుండా పై తీగ మీద ఆగితే అదీ మూగబోతుంది. ఎడమచేతి వేళ్లు సన్న తీగల మీద పడుకున్నట్టు ఆనించి ఉంచండి, వేళ్లు నిటారుగా నిలబెడితే ఈ పని జరగదు. వారం రోజులు మెల్లగా ఇదొక్కటే సాధన చేయండి, పాటలు పక్కన పెట్టి.

ముట్టుకోకపోతే హమ్, తీగ ముట్టుకుంటే తగ్గిపోతోంది. ఎందుకు?

తీగలు బ్రిడ్జి ద్వారా గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి, మీ శరీరం పట్టుకున్న రొద దాంతో తగ్గుతుంది. అది మామూలే. ముట్టుకుంటే హమ్ పెరుగుతోందంటే లోపల గ్రౌండ్ వైరు ఊడి ఉండవచ్చు, విప్పి చూపించండి.

## ఆంప్, కేబుల్, పెడల్

డ్రమ్మర్‌తో వాయించడానికి ఎన్ని వాట్లు కావాలి?

200 నుంచి 300 వాట్లుంటే మామూలు హాలులో ఇబ్బంది పడరు. వాట్లు రెట్టింపైతే ధ్వని రెట్టింపు కాదు, 3 డెసిబెల్సే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. అందుకే 100 వాట్లది అమ్మి 150 కొంటే తేడా పెద్దగా తెలియదు. స్పీకర్ సామర్థ్యం అంతకన్నా ముఖ్యం. 97 డెసిబెల్స్ అని రాసి ఉన్న క్యాబ్ (స్పీకర్ పెట్టె) బదులు 100 ఉన్నది తీసుకుంటే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం. 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వు (గాజు ట్యూబులతో నడిచే) ఆంప్, ఒక్కరు మోయడం కష్టం. ఇప్పుడు అంత శక్తి గల క్లాస్ డీ అనే తేలిక రకం ఆంప్ బ్యాగు జేబులో పడుతుంది. ఔత్సాహికులకు ఇది నిజంగా వరం, ఎందుకంటే మన సామాను మనమే మోస్తాం.

ఒక ఆంప్‌కు రెండు క్యాబ్‌లు పెట్టొచ్చా? ఓమ్‌ల లెక్క ఏమిటి?

8 ఓమ్‌ల క్యాబ్‌లు రెండు కలిపితే 4 ఓమ్‌లు అవుతుంది. ఆంప్ వెనక కనీసం 4 అని రాసి ఉంటే అంతవరకు క్షేమం. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2, చాలా ఆంప్‌లు దానికి తట్టుకోవు. ఆంప్ నుంచి క్యాబ్‌కు వెళ్లే తీగ స్పీకర్ కేబులే అయి ఉండాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ లోపలి వైరు సన్నం, వేడెక్కుతుంది. వాల్వు ఆంప్‌ను స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి.

ఏయే పెడల్స్ (కాలితో నొక్కే చిన్న పరికరాలు) కొనాలి?

ముందు ట్యూనర్. పాటల మధ్య నిశ్శబ్దంగా శ్రుతి చూసుకోవచ్చు, బేస్ మార్చేటప్పుడు మ్యూట్ చేయవచ్చు. తర్వాత హై పాస్ ఫిల్టర్. 30, 40 హెర్ట్జ్‌కు కింద ఉండేది స్వరం కన్నా చేతి దెబ్బా, స్టేజీ అదురూ. దాన్ని కోసేస్తే స్పీకర్‌కు భారం తగ్గి ధ్వని శుభ్రపడుతుంది. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, నాకు బాగా మేలు చేసిన పెడల్ ఇదే. కంప్రెసర్ (గట్టి, మెల్లని ధ్వనుల తేడా తగ్గించేది) ఆ తర్వాత ఆలోచించండి. అసమానంగా మీటే చేతిని అది దాచగలదు, బాగుచేయలేదు.

క్లిప్ ట్యూనర్ ‘ఈ’ తీగను పట్టుకోవడం లేదు.

12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ మీటి చూడండి. ఒక స్థాయి పైన మోగుతుంది కాబట్టి ట్యూనర్ సులభంగా పడుతుంది. బేస్ మీద టోన్ పూర్తిగా తగ్గిస్తే కేబుల్‌తో కలిపే ట్యూనర్లకూ పని తేలికవుతుంది.

డీఐ బాక్స్ అంటారు, అదెందుకు? సౌండ్ వాళ్ల దగ్గర ఉంటుంది కదా?

పాసివ్ బేస్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైంది. ఆరేడు మీటర్ల కేబుల్ దాటితే పై స్థాయిలు తగ్గుతూ, దారిలో రొద అంటుకుంటూ పోతుంది. డీఐ బాక్స్ దాన్ని మైకు సిగ్నల్‌లా మార్చి, ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకు వాడే) కేబుల్ మీద హాలు చివర ఉన్న మిక్సర్ దాకా చెక్కుచెదరకుండా పంపిస్తుంది. హాల్లో వినబడే బేస్ దాదాపు పూర్తిగా దీన్నుంచి వెళ్లేదే. మీ కాళ్ల దగ్గరున్న ఆంప్ మీకోసం, మీ పక్కవాళ్లకోసం.

పాసివ్ బేస్‌కు యాక్టివ్ డీఐ, యాక్టివ్ బేస్‌కు పాసివ్ డీఐ బాగా కుదురుతాయి. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచి 48 వోల్టులు కావాలి, అడిగితే ఇస్తారు. హమ్ వస్తే ముందు డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ గ్రౌండ్‌ను విడదీసే) స్విచ్ నొక్కి చూడండి. ఆంప్‌లోనే డీఐ ఉంటే ప్రీ, పోస్ట్ (ఆంప్ టోన్ మార్పులకు ముందు, తర్వాత) అని ఇంకో స్విచ్ ఉంటుంది. నేను ప్రీలో పెడతాను. అప్పుడు స్టేజీ మీద నా సౌకర్యం కోసం లో తగ్గించినా, మిడ్ పెంచినా, హాలుకు వెళ్లే ధ్వని మారదు.

సౌండ్ వాళ్ల దగ్గర ఉంటుందనుకుని వెళ్లి, ఉన్న ఒక్కటీ కీబోర్డుకు పోయిందని విన్న రోజు ఉంది. అందుకే నాది నా బ్యాగులోనే ఉంటుంది.

## రిహార్సల్‌లో

డ్రమ్మర్‌తో కలిసి వాయిస్తున్నా గట్టిగా పట్టుకున్నట్టు ఉండటం లేదు. లోపం ఎక్కడ?

కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడ్డ చోటల్లా స్వరం వేయాలని అందరూ చెబుతారు. అది మొదటి మెట్టు. అసలు పట్టు స్వరం ఎక్కడ ఆగుతుందన్నదాంట్లో ఉంది. స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) దెబ్బ పడే క్షణానికి మీ స్వరం ఆగిపోతే ఆ దెబ్బ పెద్దదిగా వినిపిస్తుంది. సాగనిస్తే పాట సాగినట్టు అనిపిస్తుంది. ఏ పాటకు ఏది కావాలో డ్రమ్మర్‌తో కూర్చుని ఇద్దరే తేల్చుకోండి. గిటార్లు, గొంతులు లేకుండా ఇద్దరూ పాట మొదటినుంచి చివరిదాకా వాయించండి, తప్పులన్నీ బయటపడతాయి.

ఇంట్లో మెట్రోనోమ్ (లయకు టిక్కుమనే పరికరం) పెట్టుకుని దాని చప్పుడును 2, 4 లెక్కలుగా భావించి వాయించండి. 1, 3 మీ లోపల మీరే మోయాలి. నిలబడే చోటూ ముఖ్యమే. ధ్వని మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, డ్రమ్స్‌కు ఆరు మీటర్ల దూరంలో నిలబడితే దాదాపు 18 మిల్లీసెకన్లు ఆలస్యంగా వింటారు. నేను ఎప్పుడూ డ్రమ్స్‌లోని హై హ్యాట్ (కాలితో కదిపే జంట సింబల్స్) పక్కనే నిలబడతాను, డ్రమ్మర్ కాలు కనిపించేలా.

గిటార్ వాయించే అతను కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి ‘జీ’, ‘సీ’, ‘డీ’ అంటున్నాడు. నేను అవే వాయిస్తే అపస్వరం వస్తోంది.

అతను చెబుతున్నది చేతి ఆకారాల పేర్లు, మోగే స్వరాలు కాదు. కాపో రెండో ఫ్రెట్ మీద ఉంటే ప్రతి పేరుకూ రెండు ఫ్రెట్లు కలపాలి. అంటే మీరు వాయించాల్సింది ‘ఏ’, ‘డీ’, ‘ఈ’. రిహార్సల్‌కు రాని పాట ఒకటి స్టేజీ మీద అప్పటికప్పుడు ఎత్తుకున్నప్పుడు, పల్లవి మొదటి వరసంతా నేను ఒక స్వరం కింద వాయించాను. పాడుతున్న ఆమె తిరిగి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇప్పుడు పాట మొదలయ్యేముందు “మోగే శ్రుతి చెప్పండి” అని అడుగుతాను.

మధ్యమధ్యలో అల్లికలు వేయాలనిపిస్తుంది. ఎంత వేయవచ్చు?

పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట వేయండి. వాళ్లు పాడుతుండగా వద్దు.

## స్టేజీ మీద

ప్రోగ్రాంకు ఏమేం తీసుకెళ్లాలి?

బేస్, ట్యూనర్, డీఐ, రెండు గిటార్ కేబుల్స్, ఒక ఎక్స్‌ఎల్‌ఆర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, ఒక స్ట్రింగ్స్ సెట్టు, శాడిల్‌కూ ట్రస్ రాడ్‌కూ పట్టే అలెన్ కీలు, చిన్న టార్చి, టేపు, చెవుల్లోకి ప్లగ్‌లు. పాటల వరస పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి, ప్రతి పాట పక్కనా శ్రుతి. ఫోన్ తెర మధ్యలో ఆరిపోతుంది.

బెల్టు తగిలించే బొత్తాలను ఇంట్లోనే లాగి చూసుకోండి. ఒకసారి పాట నడుమ వెనక బొత్తం మీదనుంచి బెల్టు జారింది. బేస్ కింద పడకుండా నెక్‌ను ఎడమచేత్తో పట్టుకోగలిగాను. తెరిచి ఉన్న ‘ఈ’ తీగ మాత్రం పాట ముగిసేదాకా మోగుతూనే ఉంది. ఇప్పుడు స్ట్రాప్ లాక్స్ వాడుతున్నాను. అవి లేకపోతే బొత్తం మీద మందపు రబ్బరు వాషర్ తొడిగినా పట్టుకుంటుంది. మరమేకు రంధ్రం వదులైతే అగ్గిపుల్ల ముక్కలు చెక్క జిగురుతో దూర్చి మళ్లీ బిగించండి.

సౌండ్ చెక్‌లో ఏం వాయించాలి?

ఆ రోజు వాయించబోయే పాటల్లోదే, ఆ రోజు మీటబోయేంత గట్టిగా. అతి లావు స్వరం, అతి సన్న స్వరం, రెండూ రావాలి. పిక్ వాడే పాట ఉంటే అదీ వినిపించండి. సౌండ్ చూసేవాళ్లు డ్రమ్మర్‌తో మాట్లాడుతున్నప్పుడు వాయించకుండా చేతులు కట్టేసుకుని ఉండండి, అప్పుడు ఎవరికీ కోపం రాదు. డీఐ కేబుల్ పీకాల్సి వస్తే ముందు మిక్సర్ దగ్గరున్నాయనతో ఛానెల్ మ్యూట్ చేయించండి.

నా బేస్ నాకే వినబడటం లేదు, హాల్లో వాళ్లేమో మరీ ఎక్కువైందంటున్నారు. ఇదెలా?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. నేను అర్థం చేసుకోవడానికి ఎక్కువ కాలం పట్టిందీ ఇదే. మీరు వినేదీ హాలు వినేదీ ఒకటి కాదు. ‘ఈ’ తీగ స్వరానికి ఒక అల పొడవు సుమారు 8.3 మీటర్లు. అంత పెద్ద అలను చిన్న స్పీకర్ ఒక వైపుకు గురిపెట్టలేదు, అది అన్ని వైపులా పరుచుకుంటుంది, గోడలకూ మూలలకూ తగిలి పెరుగుతుంది. స్వరం ఏమిటో చెప్పే మధ్య, పై స్థాయిలు మాత్రం స్పీకర్ ఎటు చూస్తే అటు పోతాయి. ఆంప్ నేల మీదుంటే అవి మీ మోకాళ్లకు తగిలి, మీ కాళ్ల సందుల్లోంచి ముందు వరసలోని వాళ్లను చేరతాయి. మీ చెవికి చేరవు. మీరు వాల్యూమ్ పెంచుతారు, హాల్లో గుమ్మనే మోత పెరుగుతుంది.

అందుకని ముందు ఆంప్‌ను గట్టి కుర్చీ మీదో, పెట్టె మీదో ఎత్తండి, లేదా వెనక్కి వాల్చి మీ ముఖం వైపు చూసేలా పెట్టండి. చాలాసార్లు ఇంతటితోనే తీరుతుంది. తర్వాత లో కొంచెం తగ్గించి, 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య పెంచండి. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే మిడ్ తగ్గించిన ధ్వని తియ్యగా ఉంటుంది. బ్యాండ్‌లో అదే ధ్వని మాయమవుతుంది, ఎందుకంటే కిక్ డ్రమ్ కింది స్థాయినీ, గిటార్లూ సింబల్సూ పైదాన్నీ ఆక్రమిస్తాయి, మనకు మిగిలేది ఆ మధ్యే.

సౌండ్ చెక్‌లో పొడవు కేబుల్ వేసుకుని హాలు మధ్యకు వెళ్లి వాయించి చూడండి. నేను మొదటిసారి అలా వెళ్లినప్పుడు, స్టేజీ మీద అసలు లేదనుకున్న నా బేస్ అక్కడ అందరినీ ముంచేస్తోంది. జనం నిండాక పై స్థాయిలను వాళ్లు పీల్చుకుంటారు, కింది స్థాయి అంతగా తగ్గదు. కాబట్టి ఖాళీ హాల్లో కాస్త గరుకుగా అనిపించిన ధ్వనే ప్రోగ్రాం వేళకు సరిగ్గా కుదురుతుంది.

ఒక్క ‘ఏ’ స్వరం దగ్గరే గదంతా గుమ్మని ఊగుతోంది. బేస్‌లో తప్పా?

తప్పు గదిలో ఉంది. ఎదురెదురు గోడలు, లేదా నేల, కప్పు, వాటి మధ్య దూరాన్ని బట్టి గదికి సొంత స్వరాలుంటాయి. 3.1 మీటర్ల దూరానికి అది సుమారు 55 హెర్ట్జ్, సరిగ్గా ‘ఏ’ తీగ. ఆంప్‌ను మూల నుంచి బయటికి జరపండి. తగ్గకపోతే ఈక్వలైజర్‌లో ఆ ఒక్క స్థాయినే కోయండి, లో మొత్తం తగ్గించొద్దు. అదీ కుదరని చోట ఆ స్వరాన్ని మెల్లగా మీటుతాను, కురచగా ఆపేస్తాను.

పాట మధ్యలో సౌండ్ ఆగిపోతే ఏం చూడాలి?

చేతికి దగ్గరున్నదాని నుంచి మొదలుపెట్టండి. బేస్ వాల్యూమ్, జాక్ దగ్గర కేబుల్, ట్యూనర్ మ్యూట్‌లో ఉండిపోయిందా, రెండో కేబుల్ నేరుగా ఆంప్‌లోకి, అప్పటికీ రాకపోతే ఆంప్ కరెంటు. పెడల్స్ అన్నీ దాటేసి నేరుగా కలిపితే సగం కేసులు అక్కడే తేలతాయి. కేబుల్‌ను బెల్టు లోపలినుంచి తిప్పి జాక్‌లో పెట్టుకుంటే, ఎవరైనా తొక్కినా ఊడదు.

మైకుకు పెదవి తగిలితే షాక్ కొడుతోంది. పరవాలేదా?

పరవాలేదు అనుకోవద్దు. వెంటనే ఆపండి. బేస్ తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి, రెండు వేర్వేరు ఎర్త్‌ల మధ్య మీరు వంతెన అవుతున్నారన్నమాట. కరెంటు చూసేవాళ్లు వచ్చి సరిచేసేదాకా ముట్టుకోకండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచి హమ్ తగ్గించుకోవడం అనే పని ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్లు చెప్పినా చేయొద్దు.

ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గంటసేపు గుయ్యిమంటోంది.

అది హెచ్చరిక. అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత గురించి పరిశోధించే నయాష్ (NIOSH) సంస్థ చెప్పే లెక్కలో 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. సింబల్ పక్కన నిలబడి రెండు గంటలు వాయించడం అంటే ఏమిటో మీరే లెక్క వేసుకోండి. సంగీతం కోసం చేసిన ప్లగ్‌లు అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, స్పాంజి ముక్కల్లా పైదంతా మింగేయవు. మొదటి రిహార్సల్ నుంచే అలవాటు చేసుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

## ప్రోగ్రాం అయ్యాక

రికార్డింగ్ వింటే బేసే లేదు. అంత తక్కువ వాయించానా?

ఫోన్ స్పీకర్లో విని తేల్చకండి, అది ఆ స్థాయి స్వరాలను పలికించలేదు. హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఫోన్‌ను స్టేజీ మీద కాక జనం మధ్యలో, గోడకు దూరంగా పెట్టి రికార్డు చేయిస్తే హాలుకు వినిపించినదానికి దగ్గరగా వస్తుంది. నేను అదే రాత్రి వినను. మర్నాడు ఒకసారి విని, మూడు చోట్లు మాత్రం రాసుకుంటాను: ఏ పాట, ఏ నిమిషం, ఏం జరిగింది. తర్వాతి రిహార్సల్‌లో మొదట వాటినే ఎత్తుకుంటాం.

తీగలు వదులు చేసి పెట్టాలా?

వద్దు. నెక్ ఆ బిగువుకే అలవాటుపడి ఉంటుంది. ఎండలో ఆగిన బండిలో మాత్రం వదిలి వెళ్లకండి.

కేబుల్స్ ఎప్పుడూ మెలి తిరిగి ముడులు పడుతున్నాయి. ఎలా చుట్టాలి?

మోచేతికి చుట్టొద్దు, లోపలి తీగ మెలి తిరిగి తొందరగా తెగుతుంది. మొదటి చుట్టు మామూలుగా, రెండో చుట్టు మణికట్టు తిప్పి లోపలివైపుకు, మళ్లీ మామూలుగా, ఇలా ఒకటి విడిచి ఒకటి. ఒక చుట్టు వేసిన మెలిని రెండోది విప్పేస్తుంది. ఒక చివర పట్టుకుని విసిరితే నేల మీద తిన్నగా పరుచుకోవాలి. చివర్లో వెల్‌క్రో పట్టీ కట్టి, అనుమానం ఉన్న కేబుల్‌కు అక్కడికక్కడే ముడి వేసేయండి. రేపు బ్యాగులోంచి తీసేటప్పుడు ఏది చెడ్డదో ఆ ముడే చెబుతుంది.